గీత పడిన చోట

గుంతకల్లు రైల్వే కాలనీలో
మా క్వార్టర్సుకూ పక్కదానికీ ఒకటే గోడ.
ఇటుక మందం. దాని మీద సున్నం.
మా పక్క ఒక క్యాలెండరు,
అటుపక్క ఏం తగిలించినారో నాకు తెలీదు.

ఆస్పత్రిలో సెకండ్ షిఫ్టు దిగి వచ్చి
చల్లబడిన సంగటి మీద మజ్జిగ పోసుకునే యాళకు
గార్డు ఫక్కీరప్ప లైను నుంచి వచ్చేవాడు.
ముందు ఇనప పెట్టె దించిన చప్పుడు.
తర్వాత బకెట్లో నీళ్లు.
తర్వాత చానాసేపు ఏమీ లేదు.
అప్పుడు, ఆమె.

పేరు తెలీదు. గొంతు తెలుసు.
నిద్రపోతున్న బిడ్డను దాటేటప్పుడు
అడుగు ఎట్ల వేస్తామో
అట్ల పాడేది.
వెనక ఒక పియానో, యాడో దూరంగా సారంగి,
మధ్యలో ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు,
అది ఆమెదో, ఫక్కీరప్పదో.

ఎనిమిది పాటలు. ఒక పక్క నాలుగు, తిప్పితే నాలుగు.
ఏ పాటలోకీ ఎవరూ రారు.
దీపం ఉంటాది, తలుపు ఉంటాది, వాన ఉంటాది.
బయట మూడేండ్లుగా శెనక్కాయ చేలు మాడిపోతా ఉంటే
ఆ నల్ల పళ్లెంలో మాత్రం
దినామూ వానే.

రెండో పక్క మూడో పాటకు గీత పడింది.
"ఇంకా" అని ఎత్తుకుంటానే
అక్కడ తట్టుకునేది ముల్లు.
ఇంకా
ఇంకా
ఇంకా
ఆయన అప్పటికే నిద్రపోయి ఉంటాడు,
యూనిఫారం విప్పకుండానే, కుర్చీలోనే.
హుబ్లీ బండ్లూ రాయచూరు బండ్లూ
ఆ ఒక్క మాట చుట్టూ
షంటింగు చేస్తున్నట్టు ఉండేది నాకు.

స్టీలు గ్లాసు తీసుకొని గోడ మీద రెండు దెబ్బలు.
టక్. టక్.
అటు కుర్చీ కదిలేది. ముల్లు లేచేది.
గీత దాటి, చివరి పాట మీద దిగేది.

ఆరేండ్లు ఇట్ల.
పగలు కొళాయి దగ్గర కనబడితే
"డ్యూటీ ఉందా సిస్టరమ్మా" అనేవాడు.
"ఉందన్నా" అనేదాన్ని.
గోడ మాట ఇద్దరమూ ఎత్తలేదు.
ఎవరి కోసం వింటాడని
కాలనీ ఆడోళ్లు రెండు మూడు కథలు అల్లినారు.
నేను చెవి పెట్టలేదు,
నా చెవిలో చోటు లేదు.

రిటైరైన దినం లారీకి సామాన్లు ఎక్కిస్తా ఉంటే
మడత మంచం మీద ఆ అట్ట కనబడింది, మొదటిసారి.
మాసిన నీలం. కిటికీ దగ్గర ఒక ఆడమనిషి,
మొగం అవతలికి తిప్పుకొని.
ఆమె భుజం మీద టీ గ్లాసు గుండ్రటి మరక.
పైన పేరు: మూడో జాము.
పత్తికొండ దిక్కు పోయింది లారీ.

మొన్న మా మేనకోడలి కొడుకు
ఫోన్లో యాడ్నో పట్టినాడు దాన్ని.
గీతలూ గరగరలూ అన్నీ తుడిచేసినారంట.
తిప్పేది లేదు, నాలుగు అయినాక అయిదు, అంతే.
ఏడోది వచ్చింది.
"ఇంకా" అనింది.
నా చెయ్యి గ్లాసు మీదికి పోయింది.
ఆమె ఆగలేదు.

"ఇంకా తెల్లారలేదు, కొంచెంసేపు ఉండిపో."

ఇన్నేండ్లూ
రాని మనిషి కోసం పాడుతాది అనుకున్నా.
మనిషి ఆ గదిలోనే ఉన్నాడు.
లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడేమో,
గొంతు అంత దగ్గర.
ఫక్కీరప్పకు ఈ సంగతి తెలుసునా?
గీత పడక ముందు ఆయన పూర్తిగా విన్నాడా?
అసలు గీత ఎట్ల పడింది?

"ఇంకోటి పెట్టేదా అవ్వా" అన్నాడు పిల్లోడు.
వద్దన్నా.
ఈ ఇంటి గోడకు అవతల ఖాళీ జాగా, కంపచెట్లు.
గ్లాసు కింద పెట్టినా.
అదే గ్లాసు, అడుగున సొట్ట.
కొంచెంసేపు ఊగితే గానీ
నిలబడదు.